ఒంటరిగా ఉంటారా? అవును / కాదు

మంగళవారం, రాత్రి

గుండె ఓపీలో ఇవాళ రోగుల ఇంటి పరిస్థితి అడిగే ప్రశ్నల కాగితాలు పద్నాలుగు నింపాను. గుండె ఎంత పంపు చేస్తోందో ఎకోలో తెలుస్తుంది. ఇంటికెళ్లాక ఆ మనిషిని ఎవరు చూసుకుంటారు, ఏం తింటారు, మళ్లీ ఎలా వస్తారు అన్నది ఏ రిపోర్టులోనూ ఉండదు. అందుకే డాక్టర్ సార్ ఈ నెల నుంచి ఈ ప్రశ్నలు పెట్టించారు.

నాలుగో ప్రశ్న: ఒంటరిగా ఉంటారా?

జనగామ వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. గుండె పంపింగ్ 30 శాతమే. కాళ్లకు నీరు పట్టి ఈ ఏడాది ఇప్పటికే రెండుసార్లు అడ్మిట్ అయింది. "ఒక్కదానివే ఉంటావా అవ్వా?" అన్నాను. "గట్లెందుకుంట బిడ్డా, ఇద్దరు కొడుకులున్నరు నాకు" అంది, కొంచెం నొచ్చుకున్నట్టే. 'కాదు' దగ్గర టిక్కు పెట్టాను.

తర్వాత బరువు చూస్తూ, రాత్రి దమ్మొస్తే ఎవర్ని లేపుతావని అడిగాను.

"ఎవర్ని లేపుత? గోడకు ఆనుకొని కూసుంట, తెల్లారేదాంక."

కొడుకుల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు భీవండిలో ఉన్నారట. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పామో. "ఒక్క పాణానికి కూరేం వండుడు, తొక్కేసుకొని తింట" అంది. ఒక్కదాన్నే అని ఇందాక ఒప్పుకోని మనిషి నోటి నుంచే వచ్చిందా మాట. ఒంట్లో నీరు మూత్రంగా పోయేందుకు ఇచ్చే నీళ్ల గోలీ ఆస్పత్రికొచ్చే రోజు వేసుకోదట. "బస్సుల ఒంటికొస్తే యాడ దిగుదు బిడ్డా?" మహాలక్ష్మి బస్సులో టికెట్ లేదు కాబట్టి, ప్రయాణ ఖర్చు ఇబ్బందా అన్న చోట కూడా 'కాదు' అనే రాసి ఉన్నాను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమంటాం. 2,016 రూపాయల పింఛనుతో ఆమె బరువు మిషన్ ఎక్కడ కొంటుంది? ఇన్నాళ్లూ ఇది నేనెందుకు అడగలేదు?

అమెరికాలో సీడీసీ అనే ప్రజారోగ్య సంస్థ వాళ్ల సూచీ ఒకటుందని సార్ చెప్పారు. విపత్తులు వచ్చినప్పుడు ఏ ప్రాంతానికి ముందు సాయం కావాలో తెలియడానికి 16 అంశాలతో ప్రాంతాల వారీగా మార్కు వేస్తారట. ఇప్పుడు గుండె రోగుల మీద పరిశోధనల్లోనూ దాన్ని వాడుతున్నారట. ప్రాంతాన్ని ఎంచడానికి అది పనికొస్తుందేమో. కానీ అవ్వ ఉండే వాడలోనే కొడుకూ కోడలితో ఉన్న ముసలమ్మకూ ఈమెకూ ఒకే మార్కు పడుతుంది కదా. మార్కు మనిషికి వేయాలి, అది కూడా సరిగ్గా అడిగి.

సాయంత్రం నాలుగో ప్రశ్న కొట్టేసి, "రాత్రి ఆయాసం వస్తే ఎవర్ని లేపుతారు?" అని రాశాను. రేపు సార్‌కు చూపిస్తాను.

ఇవాళ నింపినవాటిలో పదకొండింట్లో ఆ పాత నాలుగో ప్రశ్నకు 'కాదు' అనే ఉంది. అందరికీ ఫోన్ చేసి మళ్లీ అడగాలి. రిజిస్టర్ తీసి చూశాను. ఆరింట్లో రాసిచ్చిన నంబర్లు వేరే ఊళ్లో ఉంటున్న కొడుకులవే.