పప్పు చిందని మూత కోసం

మైక్రోవేవ్‌లో చారు వేడి చేస్తే గోడలకి చుక్క కూడా అంటదు. అదే ముద్దపప్పో, గట్టిగా ఉన్న గోంగూర పప్పో పెడితే ఓవెన్ లోపలంతా పసుపు చుక్కలే. రెండూ మరిగేవే కదా, ఒకటి చిమ్మి ఇంకోటి ఎందుకు చిమ్మదు? యంత్రభాగాలు డిజైన్ చెయ్యడం నా వృత్తి. ఈ సంగతి తేలకుండా మూత బొమ్మ గీయబుద్ధి కాలేదు.

చారు పలచన. వేడెక్కిన నీళ్ళు పైకి లేస్తాయి, చల్లవి కిందికి దిగుతాయి, వేడి దానంతటదే సర్దుకుంటుంది. గట్టి పప్పులో ఆ కదలిక లేదు. మైక్రోతరంగాలు పడిన తీరుని బట్టి ఒక చోటు మిగతా వాటికంటే ముందే మరుగుతుంది. అక్కడ పుట్టిన ఆవిరికి దారి దొరక్క, బుడగై ఉబ్బి, పై పొరని చీల్చుకుని పేలుతుంది. పొయ్యి మీద పప్పు కుతకుతలాడేదీ ఇందుకే. కాకపోతే అక్కడ గరిటె తిప్పుతూ ఉంటాం.

ఇది తుడుచుకుంటే పోయే సమస్య అని చాలామంది అనుకుంటారు. ఓవెన్ లోపలి గోడకి ఒక పక్కన చిన్న అట్టముక్కలాంటిది ఉంటుంది, చూశారా? అది అభ్రకం రేకు. తరంగాలు దాని గుండానే లోపలికొస్తాయి. దాని మీద పడ్డ నూనె, పప్పు మాడి బొగ్గయితే అక్కడ నిప్పురవ్వలు లేస్తాయి. అందుకే నాకు మంచి మూత కావాలనిపించింది.

బజారులో దొరికే ప్లాస్టిక్ మూతతో పరీక్ష మొదలుపెట్టాను. ఓవెన్ పక్కగోడలకీ, పైకప్పుకీ తెల్లకాగితం అంటించి, గిన్నెడు పప్పు మూత కింద పెట్టి తిప్పాను. పసుపు వేసిన పప్పు కాబట్టి ప్రతి చుక్కా లెక్క చెప్పేస్తుంది. మూత నెత్తిన ఉన్న రంధ్రాల్లోంచి చుక్కలు నేరుగా పైకి పోతున్నాయి. లోపల చేరిన ఆవిరి నీరై మళ్ళీ పప్పులోకే కారుతోంది. అన్నం వేడి చేసేటప్పుడు ఆ తడి మంచిదే, వేపుడుకి మాత్రం చేటు. ఇంకో సంగతి. ఆ మూతలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. అది కరిగేది 160 డిగ్రీల దగ్గర. నీటి వేడికి తట్టుకుంటుంది గానీ, పోపు నూనె నీళ్ళకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. ఆ చుక్క తగిలిన చోట ప్లాస్టిక్ గరుకెక్కి, కారపు రంగు పట్టేసి, ఎంత తోమినా వదలదు.

ఆ కాగితాలు చూసి అమ్మ అడిగింది: "ఇడ్లీ పాత్ర మూత బోర్లించిన గిన్నెలా ఎందుకుంటుందనుకున్నావు నాన్నా? చదునుగా ఉంటే నీళ్ళన్నీ ఇడ్లీల మీదే పడతాయి." నా డిజైన్‌లో సగం ఆ మాటతోనే తేలిపోయింది. వంపు ఉంటే నీటిబొట్టు గోడ పట్టుకుని అంచుకి జారుతుంది. అంచు దగ్గర దాన్ని పట్టుకునే కాలవ ఒకటి ఉంటే చాలు.

మిగతా సగం ఆవిరిది. 800 వాట్ల ఓవెన్ శక్తంతా నీటిని ఆవిరి చెయ్యడానికే పోయిందనుకుందాం. సెకనుకి గ్రాములో మూడోవంతు పైచిలుకు నీరు ఆవిరవుతుంది. గ్రాము నీరు దాదాపు 1.7 లీటర్ల ఆవిరి. అంటే సెకనుకి అరలీటరు దాటి బయటికి పోవాలి. రంధ్రాలు మరీ సన్నగా ఉంటే తేలికపాటి మూత ఎగిరి టకటకలాడుతుంది. వెడల్పు చేస్తే చుక్కలూ బయటపడతాయి. అయితే ఆవిరికీ చుక్కకీ ఒక తేడా ఉంది: ఆవిరి మలుపు తిరగగలదు, చుక్క తిరగలేదు. అందుకని రంధ్రాల్ని నెత్తి మీంచి తీసేసి అంచుకి దించాను. లోపలివైపు వాటికి అడ్డంగా ఒక పెదవి వాల్చాను, ఇంటికి చూరు దించినట్టు. కింది నుంచి ఎగిరిన పప్పు ఆ పెదవికి తగిలి ఆగుతుంది, ఆవిరి దాని చాటునుంచి తిరిగి బయటికి పోతుంది.

మూత మొత్తం కొత్తగా పోత పోయక్కర్లేదని అప్పుడే తట్టింది. గోపురానికి బోరోసిలికేట్ గాజు (వేడికి తట్టుకునే రకం) గిన్నె బోర్లిస్తే సరి. లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, నూనెకి చెక్కుచెదరదు, మరక పట్టదు. నేను చెయ్యాల్సిందల్లా దాని కింద కూర్చునే సిలికోన్ (రబ్బరులాంటి పదార్థం) వలయం. కాలవ, పెదవి, రంధ్రాలు అన్నీ అందులోనే. రంధ్రాలు వెనక సగంలో మాత్రమే పెట్టి, ముందు రెండు చెవులు వదిలాను. ఎత్తేటప్పుడు ఆవిరి చేతికి తగలదు.

సిలికోన్ పోసే అచ్చుని త్రీడీ ప్రింటర్ మీద పీఎల్ఏ ప్లాస్టిక్‌తో తీయించాను. పీఎల్ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి మూతగా పనికిరాదు, అచ్చుకి భేషుగ్గా సరిపోతుంది. ద్రవరెసిన్‌తో చేసే ప్రింటర్ల అచ్చులు వద్దని గట్టిగా చెబుతాను. పూర్తిగా గట్టిపడని రెసిన్ తగిలితే ప్లాటినం రకం (ప్లాటినం సాయంతో గట్టిపడే) సిలికోన్ జిగటగానే ఉండిపోతుంది. వంటకి పనికొచ్చే రకమే కొని, రెండు భాగాలూ సమంగా తూచి కలిపి, బుడగలు పోయేలా సన్నటి ధారగా పోశాను. ఆరాక వలయాన్ని పక్కనే కప్పు నీళ్ళతో ఓవెన్‌లో నిమిషం తిప్పాను. నీళ్ళు వేడెక్కాయి, వలయం చల్లగానే ఉంది. తరంగాల్ని పీల్చుకోవడం లేదన్నమాట.

మళ్ళీ తెల్లకాగితం, మళ్ళీ అదే పప్పు. కాగితాలు తెల్లగానే వచ్చాయి. చుక్కలన్నీ పెదవి అడుగునా, గాజు లోపలా ఉన్నాయి. కాలవలో చేరిన నీటిని సింకులో వంపేశాను. అయినా పప్పుని మధ్యలో ఒకసారి తీసి కలపమనే చెబుతాను. ఎంత మంచి మూతయినా గరిటె పని చెయ్యలేదు.

సిలికోన్‌కి పసుపు పడుతుంది, కానీ కడిగి ఎండలో పెడితే వెలిసిపోతుంది. కారపు నూనె మరక అంత త్వరగా వదలదు. వేడి గాజుని తడి బండ మీద పెట్టకుండా గుడ్డ వేసుకోవాలి. ప్రస్తుత వలయం గిన్నెకే సరిపోతుంది. భోజనం పళ్ళేనికి పట్టేది గీస్తున్నాను. అంత వెడల్పుకి గాజు బరువెక్కుతుంది గనక చెవులు ఇంకా దళసరిగా పెట్టాలి.