పామర్ వీధి మెట్లు దిగి

బోస్టన్‌లో ఆఫీసు పని శుక్రవారం మధ్యాహ్నానికే తెమిలింది. ఫ్లైట్ మర్నాడు. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్న ఫోక్ సంగీతం క్లబ్, క్లబ్ పాసిమ్‌లో ఆ రాత్రికి నాకో టికెట్ దొరికింది.

పార్క్ స్ట్రీట్‌లో రెడ్ లైన్ మెట్రో ఎక్కాను. వంతెన దాటుతుంటే కింద చార్లెస్ నది తెల్లగా గడ్డకట్టి ఉంది. హార్వర్డ్ స్టేషన్‌లో దిగి పామర్ వీధికి నడిచేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. క్లబ్ ఉన్నది నేలమాళిగలో. మెట్లు దిగితే ఒకటే గది, వందకి కాస్త పైన కుర్చీలు, చిన్న వేదిక.

1958లో మౌంట్ ఆబర్న్ వీధిలో 47వ నంబరు ఇంట్లో జాజ్ కోసం మొదలైంది కాబట్టి అప్పట్లో దీని పేరు క్లబ్ 47. ఫోక్ గాయని జోన్ బయేజ్ 17 ఏళ్లప్పుడు పాడింది అక్కడే. పామర్ వీధికి మారింది 1963లో. ఇవన్నీ చదువుకుని వెళ్లాను గానీ పాట మొదలయ్యాక ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆ రాత్రి ఇద్దరు. రాసుకున్నది తామే, బాణీ కట్టింది తామే, పాడేది తామే. మనకైతే వాగ్గేయకారుడు అన్న చక్కటి మాట ఉంది.

ముందు పాతికేళ్ల అమ్మాయి గిటార్‌తో వచ్చింది. నేను రెండో వరసలో ఉన్నాను. బొటనవేలు కింది స్వరాలు పలికే లావు తీగల మీద అటూ ఇటూ నడుస్తూ తాళం వేస్తోంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద బాణీ అల్లుతున్నాయి. వేళ్లు జరిగినప్పుడల్లా తీగ మీద కీచుమనే చప్పుడు కూడా వినిపించేంత దగ్గర. మూడో పాటలో రెండు లైన్లు పాడి ఆగిపోయింది. “చలికి గొంతు పైకి వెళ్లడం లేదు, క్షమించండి” అంది. నాలుగో మెట్టు మీదున్న కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి శ్రుతి పెంచే బిగింపు) తీసి రెండో మెట్టుకి బిగించింది. తీగలన్నీ ఒక్కొక్కటే మీటి శ్రుతి చూసుకుంది. ఆ నిమిషంసేపు గదిలో ఎవరూ దగ్గలేదు, ఫోన్ తీయలేదు. మళ్లీ ఎత్తుకున్నప్పుడు అదే పాట వేరేగా ఉంది. అమ్మ ఇల్లు ఖాళీ చేసిన రోజు గురించిన పాట అది. శ్రుతి దిగాక ఆ మాటలు పాడినట్టు కాక నాతో చెప్పుకున్నట్టు అనిపించాయి. మొదటే అలా పాడి ఉంటే నాకు ఇంత పట్టేది కాదేమో.

రెండో ఆయన పెద్దాయన, బాగా పాడారు. ఆఖర్న ఇద్దరూ కలిసి పాడుతూ పల్లవి మాకు వదిలేశారు. మన భజనలో అందరిదీ ఒకటే స్వరం కదా, నేనూ అలాగే అందుకున్నాను. పక్కనావిడ మాత్రం నా షడ్జం మీద గాంధారం పట్టుకుంది. వెనక నుంచి ఎవరో కింద ఇంకో స్వరం కలిపారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెయ్యి ఊపలేదు. నా ఒక్క గొంతు చుట్టూ గది నిండిపోయినట్టయింది. కళ్లు తడిశాయి.

తిరిగి వస్తూ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఆవిడ పాడిన పై స్వరం ఒంటరిగా పాడి చూశాను. కింద పాడేవాళ్లు లేక నిలవలేదు. రైలు వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాను.