రోకలి నీడ

మే 9, శనివారం. రాత్రి పదిన్నర.

ముందు బిర్లా మందిరంలో వెంకన్న దర్శనం, ఆ తర్వాతే ఇంకెక్కడికైనా అన్నది అత్తమ్మ. అందుకే పొద్దున ఏడున్నరకే ఆటో ఎక్కాం. గుడి ఉన్నది కాలా పహాడ్ మీద, ప్లానిటోరియం పక్కనే నౌబత్ పహాడ్ మీద. ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కడమే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మే ఎండలో ఎక్కగలదా అని నాకు లోపల బెంగగానే ఉండింది. నాకంటే ముందే ఎక్కి నిలబడ్డది.

అక్కడి సైన్స్ మ్యూజియంలో చిన్నోడు డైనోసార్ దగ్గర అరగంట కదల్లేదు. పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన కోటసారస్ ఎముకలవి. మన గోదావరి గట్టున తిరిగిన జంతువని చెబితే వాడి కళ్ళు చూడాలి.

నేను వెళ్ళింది మాత్రం మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల కోసం. హైదరాబాదులో ఇవాళ ఆ నిమిషాన సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీద ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన దేనికీ నీడ పక్కకు పడదు.

పోయిన నెల ఒకచోట నక్షత్రాల మీద ఉపన్యాసముంటే అత్తమ్మను తీసుకుపోయాను. గంటన్నరా ఇంగ్లీషే. సభలో సగం మంది తెలుగువాళ్ళమే. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని మర్యాదగా కూర్చుంది. వచ్చేటప్పుడు ఆటోలో "నాకు సదువు లేకపాయె" అని ఒక్క మాటంది. ఆ మాట నెల రోజులుగా నన్ను తొలుస్తూనే ఉంది. లోపం ఆమెది కాదు. ఆకాశం గురించి చెప్పడానికి మన భాషలో మాటలు లేకనా?

ఇవాళ దేవుడిలా ఒక కాలేజీ పిల్ల దొరికింది. బండల మీద ప్లాస్టిక్ పైపు ముక్కలు నిలబెట్టి, నీడ కొసన సుద్దముక్కతో గీతలు గీస్తోంది. అత్తమ్మ నేరుగా ఆమెనే అడిగింది. "సూర్యుడు రోజూ మిట్టమధ్యాహ్నం నెత్తి మీదికే వస్తడు గద బిడ్డా, ఇయ్యాల కొత్తేంది?"

"రాడు అమ్మమ్మా. సంక్రాంతప్పుడు పగటీలి మీ నీడ ఎటు పడ్తది?"

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. "ఉత్తరం దిక్కు."

"అంటే ఆయన దక్షిణం దిక్కున్నట్టే కద? అక్కడి నుంచి కొంచెం కొంచెం ఉత్తరానికి జరుగుతడు. ఏప్రిల్ చివర్ల తిరుపతి మీద, ఇయ్యాల మన మీద, పది రోజులకు ఆదిలాబాద్ మీద. జూన్ 21 దాకా పోయి, మళ్ళ ఎనక్కి మర్లి ఆగస్టు 3కు మన నెత్తి మీదికొస్తడు. ఈ నడిమిట్ల పగటి నీడ దక్షిణం దిక్కు పడ్తది."

"గందుకేనా, ఎండకాలంల మా ఇంటి ఉత్తరం గోడకు గూడ ఎండ తగుల్తది!" అంది అత్తమ్మ. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి, "అవునమ్మమ్మా, అదే" అంది. కర్కట రేఖ దాటి ఆయన పైకి పోడనీ, కాశీలో ఏడాది పొడుగునా నిలబడ్డా ఈ నీడ లేని నిమిషం రాదనీ కూడా చెప్పింది. కాశీలో లేనిది ఇక్కడుందంటే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది.

పన్నెండుకే ఎందుకు కాదని చిన్నోడి ప్రశ్న. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాలు, అంటే 16 నిమిషాలు ఆలస్యం. భూమి నడక ఏడాదంతా ఒక్కలా ఉండదు కాబట్టి మే నెలలో సూర్యుడు మూడున్నర నిమిషాలు ముందుంటాడు. తీసివేస్తే 12:12. వాడు అరచేతి మీద లెక్క వేసి, సరిపోయిందని గట్టిగా అరిచాడు.

మజ్జిగ తెచ్చిన స్టీలు డబ్బా బండ మీద పెట్టాం. నీడ సన్నగా, గోరంత, ఆ తర్వాత దారంత. 12:12కి ఇక లేదు. చుట్టూ మనుషులంతా తమ కాళ్ళ దిక్కు చూసుకుంటున్నారు. అత్తమ్మ నీడ చీర కుచ్చెళ్ళ కిందికి పోయింది. ఆమె ఏమీ మాట్లాడలేదు.

నీడకు వచ్చి కూర్చున్నాక చెప్పింది. 1980 ఫిబ్రవరి 16, సంపూర్ణ సూర్యగ్రహణం. వాళ్ళ ఊరు నల్లగొండ దగ్గరే, చీకటి సరిగ్గా ఆ దారినే పోయింది. మా ఆయన అప్పుడు ఆమె కడుపులో ఆరో నెల. తలుపులూ కిటికీలూ మూసి, కదలకుండా పడుకోబెట్టారట. నడింట్లో ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. బయట కోళ్ళు గూటికి చేరిన చప్పుడు విన్నదట. "పగటి చీకటి ఎట్లుంటదో నేను సూడలే. రోకలినే సూసుకుంట పన్న." అదే సమయానికి, అక్కడికి ఎంతో దూరం లేని జపాల్-రంగాపూర్‌లో, ఉస్మానియా అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రవేత్తలు ఆకాశం కేసి చూస్తున్నారు. ఈ మాట ఆమెతో అనాలా వద్దా అని తటపటాయించి, చివరికి చెప్పాను. "మంచిగ సూసిన్రా?" అని మాత్రం అడిగింది.

రాత్రి భోజనాలయ్యాక చిన్నోడితో క్యాలెండర్‌లో ఆగస్టు 3 చుట్టూ గీత గీయించింది. నల్లగొండ మనకంటే కొంచెం దక్షిణం కాబట్టి అక్కడ ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుందని వాడు చెబితే, వెంటనే ఊరికి ఫోన్ చేసింది.

"వదినే, అటక మీది రోకలి ఎవ్వరికీ ఇయ్యకు. ఆగస్టుల నేనొస్తున్న, వాకిట్ల నిలబెట్టాలె."