అవ్వ కళ్లు పెద్దవి చేస్తే అది భయమా?

ఆటిజం ఉన్న పిల్లలకి ముఖాలు చదవడం నేర్పే కార్డులు మా సెంటర్‌లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. సంతోషం, బాధ, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. ఆరు ముఖాలు, అన్నీ తెల్లవాళ్లవే. పళ్లన్నీ కనిపించేలా నవ్వితే సంతోషం, కళ్లు పెద్దవి చేసి నోరు తెరిస్తే భయం. పిల్లాడు సరైన కార్డు మీద వేలు పెడితే ఫైల్‌లో టిక్ పెట్టాలి. ఆ టిక్కుల మీద నాకు నమ్మకం లేదు. తిరుపతిలో ఇదే పని చేసేవాళ్లకీ, ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకీ ఎందుకో చెప్పాలని ఇది రాస్తున్నాను.

చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక బాబు భయం కార్డు చూపిస్తే ఎప్పుడూ "కోపం" అనేవాడు. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ ఒకసారి కార్డు చేతిలోకి తీసుకుని చూసి, "వాడు చెప్పింది కరెక్టే కదా మేడం, మా అత్త వాణ్ణి అదిలించేటప్పుడు ఇట్లే కళ్లు పెద్దవి చేస్తాది" అనింది. నిజమే కదా. నలుగురిలో పిల్లల్ని ఆపాలంటే మన పెద్దవాళ్లు నోరు చేసుకోరు. కళ్లు పెద్దవి చేసి, రెప్ప వేయకుండా ఒక్క చూపు చూస్తారు. పెళ్లి బంతిలో ఇంకో లడ్డు కోసం చాచిన చెయ్యి ఆ చూపుకే వెనక్కి వస్తుంది. ఆ చూపు మనకి తెలిసినంత బాగా ఆ బాబుకీ తెలుసు.

ఈ ఆరు ముఖాలకి పేరు తెచ్చినవాడు అమెరికన్ సైకాలజిస్టు పాల్ ఎక్‌మన్. 1960ల చివర్లో పాపువా న్యూ గినియా కొండల్లో ఉండే ఫోరే జనం దగ్గరికి వెళ్లి, చిన్న కథ చెప్పి, దానికి సరిపోయే ఫొటో చూపమన్నాడు. చాలావరకు సరిగ్గానే చూపించారు. 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాక, ముఖకవళికలు మనుషులందరికీ ఒకటే అన్న మాట బలపడింది. కానీ భయాన్నీ ఆశ్చర్యాన్నీ ఫోరేవాళ్లు విడదీయలేకపోయారని కూడా ఆ వ్యాసంలోనే ఉంది. అదే దేశంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో సైకాలజిస్టు కార్లోస్ క్రివెల్లి బృందం చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. కళ్లు పెద్దవి చేసి నోరు తెరిచిన ముఖాన్ని అక్కడి కుర్రవాళ్లు కోపంగా, బెదిరింపుగా చదివారు. మా బాబు చెప్పిందీ అదే.

ఇక ఆ డబ్బాలో అసలు లేని ముఖాల సంగతి. సైకాలజిస్టులు జొనాథన్ హైట్, డాకర్ కెల్ట్‌నర్ 1999లో రాసిన వ్యాసంలో నాలుక కరుచుకున్న ముఖం ఫొటో ఒకటుంది. ఒడిశాలో దాన్ని చూసి సిగ్గుపడుతున్నారని గుర్తుపట్టారు, అమెరికాలో చాలామందికి అర్థం కాలేదు. మా తిరుపతి బైరాగిపట్టెడలో ఏ అవ్వనైనా అడగండి, చెబుతుంది. పుస్తకానికి కాలు తగిలినా, పెద్దవాళ్ల ముందు నోరు జారినా మనం చేసేది అదే. అలక కూడా కార్డుల్లో లేదు. మూతి ముడుచుకుని, బుగ్గలు ఉబ్బించి, చూపు పక్కకి తిప్పుకున్న ముఖాన్ని కోపం కిందో బాధ కిందో వేయమంటారు. అది చాలా నష్టం. కోపంగా ఉన్నవాళ్ల జోలికి కాసేపు పోకూడదు, అలిగినవాళ్లని దగ్గరికెళ్లి బతిమాలాలి. చెల్లెలు అలిగిందని తెలియని బిడ్డ దూరంగానే ఉండిపోతాడు, ఆ చెల్లెలేమో అన్నకి తనంటే ఇష్టం లేదనుకుంటుంది.

చుట్టూ ఏం జరుగుతోందో కూడా చూపించాలి. సైకాలజిస్టు తకహికో మసుదా బృందం 2008లో అచ్చువేసిన అధ్యయనంలో, బొమ్మలో నడుమ ఉన్న మనిషి మనసు చెప్పమంటే జపానువాళ్లు పక్కనున్నవాళ్ల ముఖాలు కూడా లెక్కలోకి తీసుకున్నారు, అమెరికన్లలో ఆ ప్రభావం తక్కువ. మనకి జపాను దాకా ఎందుకు, తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర చాలు. జాతర వేషాల్లో ఒకటైన 'తోటి' వేషం వేసినవాళ్లు ఒంటికి బొగ్గు పూసుకుని బూతులు తిడుతుంటే, తిట్లు తిన్నవాళ్లు నవ్వుతారు, మంచి జరుగుతుందనుకుంటారు. తిట్టే ముఖం ఒక్కటే కత్తిరించి చూపిస్తే ఏ బిడ్డకైనా ఏం అర్థమవుతుంది?

పాత కార్డుల్ని పారేయమని నేను అనను. కార్టూన్లకీ, ట్యాబ్‌లో ఆటలకీ అవి పనికొస్తాయి. నవ్వు ముఖంతో అయితే ఎక్కడా ఇబ్బంది రాలేదు. కానీ ముందు ఇంటి ముఖాలు రావాలి. అందుకే ఇప్పుడు తల్లిదండ్రుల్ని ఫోన్‌లో ఫొటోలు తీసి తెమ్మంటున్నాను. చంద్రగిరి బాబు వాళ్ల అవ్వ కళ్లు పెద్దవి చేసిన ఫొటో వాడి ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉంది, కింద "కోపం" అని రాశాం.

మీరూ తీస్తే ముఖం ఒక్కటే కాకుండా చెయ్యి, పక్కనున్న మనిషి, వెనక చోటు కూడా పడనివ్వండి. ఏడ్చినట్టు నటించమని ఎవర్నీ అడగొద్దు, నటించిన ఏడుపు వేరేలా ఉంటుంది. నిజంగా ఏడుస్తున్నవాళ్లని అడగకుండా తీయొద్దు. అవ్వాతాతల ఫొటోలు మాత్రం తప్పకుండా ఉండాలి. అమ్మానాన్న పనికెళ్లే ఇళ్లలో పగలంతా బిడ్డ చూసేది వాళ్ల ముఖాలే.