1998 మారుతి 800: ఘాట్‌లో పికప్ పోవడం, లీన్ మిక్చర్ వెతుకులాట

మా 800 కార్బొరేటర్ బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు. విశాఖలో తిరిగినంతసేపూ పర్వాలేదు గానీ, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మొదలయ్యేసరికి థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు, సెకండ్‌కి దించితే కాస్త అందుకుని మళ్లీ చతికిలపడుతుంది, మధ్యమధ్యలో కార్బొరేటర్‌లోంచి టప్ టప్‌మని దగ్గు. దానికితోడు సిగ్నల్ దగ్గర స్లో స్పీడ్ (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలబడట్లేదు.

ఘాట్ ఎక్కుతూనే చోక్ సగం లాగి చూశాను, వెంటనే లాగింది. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోల్ వాటా పెరుగుతుంది కాబట్టి, ఇంజిన్‌కి పెట్రోల్ చాలట్లేదు లేదా ఎక్కడో అదనంగా గాలి పడుతోంది. ఇలా గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైన మిశ్రమాన్నే లీన్ మిక్చర్ అంటారు. ప్లగ్గులు విప్పితే మూడూ సుద్ద పూసినట్టు తెల్లగా ఉన్నాయి, నిజానికి లేత గోధుమరంగులో ఉండాలి. ఒక్కటే తెల్లగా ఉంటే ఆ సిలిండర్ దగ్గర మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి మిక్చర్ పంచే గొట్టాలు) ప్యాకింగ్‌ని అనుమానించేవాణ్ని. మూడూ ఒకేలా ఉన్నాయంటే తేడా కార్బొరేటర్ దగ్గరో దానికి ముందో ఉండాలి.

ముందు ఎయిర్ లీక్ చూశాను. ఇంజిన్ స్లోలో ఉంచి కార్బ్ క్లీనర్‌ని సన్న గొట్టంతో ఒక్కో జాయింట్ మీద కొంచెంగా కొట్టాలి, ఆర్పీఎం మారిన చోట లీకున్నట్టే. ఎగ్జాస్ట్ వేడెక్కకముందే చేయండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. బ్రేక్ బూస్టర్ పైపు ప్లయర్‌తో నొక్కి చూస్తే మార్పు లేదు, అది బాగానే ఉంది. కార్బొరేటర్ కింద ఇంజిన్ వేడి తగలకుండా పెట్టే ఇన్సులేటర్ దగ్గర కొట్టగానే మాత్రం ఇంజిన్ చప్పుడే మారిపోయింది. విప్పి అద్దం మీద పెడితే ఒక మూల లేచి ఉంది, వంగిపోయింది. కొత్త ఇన్సులేటర్, రెండువైపులా కొత్త ప్యాకింగులు వేసి, నట్లు ఒక్కోటి కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాక స్లో స్పీడ్ చక్కగా కుదురుకుంది.

ఘాట్‌లో మాత్రం అదే కథ. ఇక్కడే చాలామంది కార్బొరేటరే మార్చేస్తారు, కాస్త ఆగి ఆలోచించాలి. స్లోలో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే కార్బొరేటర్ రేకు) దాదాపు మూసి ఉంటుంది, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ, చిన్న సందులోంచి కూడా బోలెడు గాలి పడుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు పడిపోతుంది, ఇంజిన్ పీల్చే మొత్తం గాలిలో ఆ సందు గాలి లెక్కలోకే రాదు. అందుకే స్లోలో లీన్ అయితే గాలిని, లోడ్ మీద లీన్ అయితే పెట్రోల్‌ని ముందు వెతకాలి. మా బండికి రెండూ ఉన్నాయి.

ట్యాంక్ మూత వదులు చేసి నడిపినా మార్పు లేదు, అంటే గాలి రంధ్రం మూసుకుపోలేదు. పంపుకి ముందు పారదర్శకంగా ఉండే ఫిల్టర్ ఒకటి పెట్టి రేస్ చేస్తే లోపల వరసగా బుడగలు! మెకానికల్ పంపు బండి వెనకున్న ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగుతుంది, ఆ లాగే వైపు రబ్బరు పైపు చిట్లితే ఇంజిన్ నడుస్తున్నప్పుడు పెట్రోల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది, వాసన కూడా రాదు. ట్యాంక్ దగ్గర క్లిప్పు వదులు చేసి పైపు వంచి చూస్తే క్లిప్పు కిందే చుట్టూ సన్నటి పగుళ్లు. మొత్తం రబ్బరు పైపులు మార్చాను. కొనేటప్పుడు పైపు మీద ఎస్ఏఈ జే30ఆర్9 అని ముద్ర చూసి తీసుకోండి, మామూలు పాత రకం రబ్బరు పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి ఎక్కువ కాలం ఆగదు. పనిలో పనిగా మెయిన్ జెట్ (లోడ్ మీద పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) తీసి క్లీనర్‌తో, గాలితో ఊదాను. వైరు గుచ్చకూడదు, ఇత్తడి కాబట్టి రంధ్రం పెద్దదైపోతుంది.

ఇప్పుడు ఘాట్‌లో థర్డ్‌లో లాగుతోంది, దగ్గు పోయింది. ప్లగ్గులు మాత్రం ఇంకా ఉండాల్సిన దానికంటే తెలుపే. ఇది ఈ20 పెట్రోల్ ప్రభావం అనుకుంటున్నాను: ఒక పాలు ఉత్త పెట్రోల్‌కి బరువులో గాలి 14.7 పాళ్లు కావాలంటే, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి 13.5 దగ్గర సరిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి సర్దుకుంటుంది, జెట్ సైజు మాత్రం మారదు కదా. లీన్‌గానే లోడ్ మీద తిప్పితే నాకింగ్ (మిక్చర్ అదుపు తప్పి మండి ఇంజిన్ టకటక కొట్టుకోవడం) వస్తుంది, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోతాయి, అందుకే వదలదలచుకోలేదు. తర్వాతి పని ఎగ్జాస్ట్ పైపుకి మిక్చర్ ఎంత లీనో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బిగించి, లాంబ్డాలో (1 అంటే సరైన మిక్చర్, అంతకంటే ఎక్కువైతే లీన్) రీడింగ్ చూసి, అవసరమైతే జెట్ ఒక్క సైజు పెంచడం.