11 నుంచి 4కి తగ్గిన నడుం నొప్పులు

ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ చూసి ఆ రోజు పొంగిపోయాను. నడుం పట్టేసిందనో, భుజం బెణికిందనో వచ్చినవాళ్ళు అంతకు ముందు ఏడాది 11 మంది. నడుం బెల్టులు, శిక్షణ, కన్వేయర్ ఇచ్చిన ఏడాది నలుగురు.

మాది పశ్చిమ గోదావరిలో చేపల మేత తయారుచేసే మిల్లు. సోయా చెక్క, నూనె తీసిన తవుడు 50 కిలోల బస్తాల్లో లారీల మీద వస్తాయి. దించేదీ, నెట్టు (బస్తాల దొంతర) కట్టేదీ, హాపర్లో (సరుకు పోసే పెద్ద గరాటులో) పోసేదీ ముఠా, అంటే హమాలీల జట్టు. నేను సేఫ్టీ ఆఫీసర్ని. పనిచోట భద్రతకి సంబంధించిన ఐఎస్ఓ 45001 ప్రమాణం ఆడిట్‌కి వచ్చినాయన ఫైళ్ళన్నీ తిరగేసి, "ఇవన్నీ ఇచ్చారు సరే, పనిచేశాయని ఎలా చెప్తారు?" అని అడిగాడు. కొంత గడువు ఇచ్చాడు. ఇంత మంచి అంకెలు చేతిలో ఉండగా మూడు రోజులు చాలనుకున్నాను. గ్రాఫు గీసి, సంతకం కోసం ముఠా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నలుగురేనాండీ? నడుం పట్టేసినోడు మీ గదికెందుకొత్తాడు? ఇంటికాడ పడుకుంటాడు. ఆడి బదులు ఇంకోణ్ణి దింపుతాను. మీ గదికొత్తే ముందు బెల్టు పెట్టుకున్నావా అని కదండీ అడుగుతారు."

ఆ ప్రశ్న ఫారం మీద అచ్చు వేయించింది నేనే. బెల్టు లేదంటే తిట్లు, ఉందంటే అబద్ధం. నొప్పి తగ్గలేదు, నా గదికి రావడం తగ్గింది. గ్రాఫు మడిచి జేబులో పెట్టుకున్నాను.

మళ్ళీ మొదటినుంచి. మేస్త్రి దగ్గర కూలి పంచుకునే నోటుపుస్తకం ఉంది. ఏ రోజు ఎవరు వచ్చారో అందులో తప్పు పోదు, డబ్బు లెక్క కదా. నా రిజిస్టర్ కంటే అదే నయం. కానీ రానివాళ్ళందరూ నడుం పట్టేసినవాళ్ళు కారు: పెళ్ళిళ్ళు, జాతరలు, సంక్రాంతికైతే వారం రోజులు కోడిపందేలు. ఒక్కో పేరూ మేస్త్రినే అడిగి వేరుచేయాల్సి వచ్చింది. ఆయన ఓపికకి దండం పెట్టాలి.

రెండోది, నార్డిక్ ప్రశ్నావళి. ఒళ్ళంతా తొమ్మిది భాగాలుగా చేసి, గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో ఎక్కడ నొప్పి వచ్చిందో అడుగుతుంది. దాన్ని తెలుగులోకి మార్చి, బొమ్మ గీసి టీ వేళకి పట్టుకెళ్ళాను. "నొప్పి ఉందా?" అంటే "లేనోడెవడండీ?" అని నవ్వారు. అందులోనే ఉన్న ఇంకో ప్రశ్న అక్కరకొచ్చింది: దానివల్ల పని ఆగిందా? అప్పుడు ఒక్కొక్కరూ వేలు పెట్టి చూపించారు. ఎక్కువ వేళ్ళు నడుం మీదే. నెట్టు పైన బస్తా అందుకునే ఇద్దరు మాత్రం భుజం చూపించారు. కన్వేయర్ కిందివాళ్ళకి సుఖమిచ్చింది గానీ, పైవాళ్ళు రేకుల కింద వంగి, ఒళ్ళు తిప్పి లాగుతున్నారు. ఇది ఏ రిజిస్టర్లోనూ లేదు.

శిక్షణ సంగతి చెప్పాలంటే నాకే నవ్వొస్తుంది. వచ్చిన ట్రైనర్ ఖాళీ అట్టపెట్టెతో మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా పెట్టి ఎత్తి చూపించాడు. మా నెట్టు దగ్గర ఇద్దరు ఎత్తి మూడోవాడి తలకి పెడతారు. ఆ భంగిమకి అక్కడ చోటేది?

బెల్టుల మీద చదివితే అసలు విషయం తెలిసింది. ఇవి నడుం గాయాలను ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లోనే చెప్పింది. 2000లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో కూడా, దుకాణాల్లో సరుకు మోసేవాళ్ళకి బెల్టువల్ల తేడా కనబడలేదు. కొనకముందు చదవాల్సింది. మా ఉక్కపోతకి అవి ఎలాగూ మేకులకే వేలాడుతున్నాయి.

తర్వాత టేపు పట్టుకున్నాను. 1991లో సవరించిన నియోష్ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలిస్తే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. మా బస్తా దానికి రెట్టింపు దాటింది కాబట్టి ఎంత బాగా వంగినా లాభం లేదు. ఈ సూత్రం మోతలకి వర్తించదు, ఒక్కడే రెండు చేతులతో ఎత్తే పనికే. అందుకని హాపర్ దగ్గర కొలిచాను. బస్తా పట్టుకున్న చేతులు నేలకి 15 సెంటీమీటర్ల ఎత్తున, చీలమండలకి 50 సెంటీమీటర్లు ముందుకి ఉన్నాయి. దూరానికి 23లో సగం పోయింది, ఆ ఎత్తుకి సూత్రం ఇచ్చే 0.82తో గుణిస్తే మిగిలింది 9.4 కిలోలు. ఎత్తుతున్నది 50. గంటకెన్నిసార్లు అన్నది ఇంకా కలపనేలేదు. అదే బస్తా 75 సెంటీమీటర్ల ఎత్తున, ఒంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 19 కిలోల దాకా వస్తుంది. అయిదు రెట్ల పైచిలుకు బరువు రెండున్నర రెట్లకి దిగుతుంది. అదీ ఎక్కువే. అందుకే ఎత్తే పనే లేకుండా చేద్దామనిపించింది.

వర్క్‌షాపులో పాత ఇనుముతో హాపర్ అంచుకి సమంగా బల్ల వెల్డింగ్ చేయించాం. గోడౌన్లోని కన్వేయర్ ఆ బల్లకి బస్తాలు అందిస్తుంది, మనిషి లాగి, మూతి విప్పి, కుమ్మరిస్తాడు. నెట్టు ఎత్తు నాలుగు వరసలు తగ్గించి చేత్తోనే కడుతున్నాం. చోటు చాలక స్టోర్స్ ఇన్‌చార్జి నాతో రెండు వారాలు మాట్లాడలేదు.

ఆరు నెలలకి మళ్ళీ బొమ్మ పట్టుకెళ్ళాను. హాపర్ దగ్గర ఆరుగురే పనిచేస్తారు. గత 7 రోజుల్లో నడుం చూపించినవాళ్ళు మొదట అయిదుగురు, ఇప్పుడు ఇద్దరు. ఆరుగురి లెక్కతో రుజువైందనడానికి నాకు నోరు రాలేదు, రిపోర్టులో అలాగే రాశాను. గ్రాఫు వేయలేదు. ఆడిటర్ చదివి, ఫస్ట్ ఎయిడ్ ఫారం మీద బెల్టు ప్రశ్న తీసేశారా అని ఒక్కటే అడిగాడు. తీసేశాను. ఆ తర్వాతి నెలే నా గదికి ముగ్గురు వచ్చారు. మేనేజరు గారు కంగారుపడి, "ఇదేమిటి, పెరిగాయే?" అన్నారు.

లారీ నుంచి దించే పని మాత్రం ఇంకా అలాగే ఉంది. సోయా సరఫరాదారు 25 కిలోల సంచులకి ఒప్పుకున్నాడు గానీ, ముఠా బస్తాకి ఇంత అని తీసుకుంటుంది. సగం బరువుకి సగం రేటంటే మేస్త్రి ఒప్పుకోడు: "సంచి సగమైనా నడక సగం కాదు కదండీ." వచ్చే నెల మొదటి వారంలో దాని మీద కూర్చుంటున్నాం.