బంగారం లోను బెంచీల దగ్గర 'లీన్': నా అనుభవం

తిరుపతిలో మా బ్యాంకు బ్రాంచిలో బంగారం లోన్లు చూస్తాను. జూన్ వచ్చిందంటే వేరుశనగ విత్తనాల ఖర్చు, పిల్లల ఫీజులు ఒకేసారి మీద పడతాయి. పాకాల, చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాటినా బెంచీల మీదే ఉంటారు. "ఇంగ యెంతసేపు సార్? ఈ బస్సు పోతే మళ్ళా రాత్రికే" అనే మాట రోజూ వినేదే.

పైఆఫీసు నుంచి 'లీన్' పద్ధతి మొదలుపెట్టమని వచ్చింది. టయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచీ ఓనో వృథాను 7 రకాలుగా విడగొట్టి ఏరేసిన పద్ధతి ఇది. ట్రైనింగ్‌లో చెప్పిన జపనీస్ పేర్లన్నీ మర్చిపోయాను గానీ ఒక పని మాత్రం పట్టుకున్నాం: ఒక కస్టమర్ వెంట, తలుపు దగ్గర్నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా, గడియారం చూసుకుంటూ తిరిగి, ఎక్కడ ఎంతసేపు పట్టిందో చార్టు గీయడం.

తిరిగితే తెలిసింది, నగ మీద జరిగే అసలు పని ఎంత తక్కువో. అప్రైజర్ గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, రాళ్లు, లక్క పోను నికర బరువు కడతాడు. ఆఫీసర్ కంప్యూటర్లో ఎక్కిస్తాడు, మేనేజర్ శాంక్షన్ చేస్తాడు. మిగతాదంతా కూర్చోవడమే. అప్రైజర్ వేరే బ్రాంచీలకూ పోవాలి, ఆయన వచ్చేసరికి జనం పేరుకుపోయి ఉంటారు. నగల వివరాలేమో అప్లికేషన్లో, సర్టిఫికెట్లో, రిజిస్టర్లో, కంప్యూటర్లో రాసిందే రాయడం. వీటన్నిటికన్నా ఘోరం, ఫైళ్లు ఒక కట్ట అయ్యేదాకా ఆపి మేనేజర్ టేబుల్ మీద పెట్టడం. "ఒకేసారైతే సంతకాలు తొందరగా అయిపోతాయి కదా" అనేవాళ్లు మావాళ్లు. సంతకాలు తొందరగానే అయ్యేవి. మొదటి ఫైలాయన మాత్రం చివరి ఫైలాయన కోసం కూర్చునేవాడు.

కట్టలు మానేసి ఏ ఫైలుకు ఆ ఫైలు పంపడం మొదలుపెట్టాం. మేనేజర్ గారు కొన్నాళ్లు విసుక్కున్నారు. నగల మీద వ్యవసాయ లోను అడిగేవాళ్లు పట్టాదారు పాస్‌బుక్ తెచ్చారో లేదో తలుపు దగ్గరే చూస్తున్నాం. టోకెన్ల ఆలోచన మా అటెండర్‌ది. "శ్రీనివాసం కాడ తిరుమల దర్శనానికి టైమ్ వేసి ఇస్తా ఉండారు గదా సార్, మనమూ అట్టే ఇస్తే?" అన్నాడు. అందరూ నవ్వారు, కానీ ఎక్కువ పని చేసింది అదే. టోకెన్ తీసుకుని బజారు పనులు చూసుకుని వస్తున్నారు.

ఒక్కచోట ట్రైనర్‌తో గట్టిగా గొడవపడ్డాను. స్ట్రాంగ్ రూమ్‌కు రెండు తాళాలు, ఇద్దరు ఆఫీసర్లు. ఆయన మా చార్టులో దాన్నీ వృథా కింద ఎర్ర సిరాతో గుర్తుపెట్టాడు. ఊరి ఆడవాళ్ల తాళి గొలుసులు లోపల పెట్టుకుని ఆ తాళం ఒకరి చేతికిస్తామా? కస్టమర్‌కు విలువ కనిపించకపోయినా తప్పనిసరి అయిన పనికి లీన్‌లోనూ చోటుంది. తాళాలు అలాగే ఉంచి, ఆ ఇద్దరి భోజనాల వేళ ఒకటి చేశాం. అంతకుముందు ఒకరు తినొచ్చేసరికి ఇంకొకరు లేచేవారు.

రెన్యువల్స్ దగ్గర మాత్రం ఏమీ చేయలేకపోయాం. ఏడాది తిరిగాక పాత లోను మొత్తం కట్టి మళ్లీ నగ పెట్టడానికి, ఒక్క రోజు కోసం బయట వడ్డీకి తెచ్చేవాళ్లున్నారు. ఆ రోజు వాళ్లకు వడ్డీ వ్యాపారి అరుగు మీద మొదలవుతుంది. మేం గీసిన చార్టేమో మా తలుపు దగ్గర మొదలైంది. ఈ సంగతి పైఆఫీసుకు రాశాం. వచ్చే జూన్‌కు ముందే ఏదో ఒకటి తేల్చమని వెంటపడుతున్నాం.